తెల్ల లైనింగుకి నల్లదారం

ఆ కుట్టుహాల్లో ఇరవైరెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, రెండు ఇస్త్రీ బల్లలు, ఒక ఎత్తు స్టూలు ఉన్నాయి. మిషన్లూ బల్లలూ ఎందుకున్నాయో చంటిపిల్లాడైనా చెబుతాడు. స్టూలు సంగతి తెలియాలంటే మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకి ఆ ఇనుపమెట్లెక్కి పైకి రావాలి. కింద రంగుల దుకాణం వాసనకి ముక్కు మూసుకునైనా సరే, రావాలి. అలాంటి గంట ఇంకెక్కడా దొరకదు, ఎవరేమన్నా అనుకోనీ.

రెండు కొట్టగానే మిషన్లన్నీ ఆగిపోతాయి. స్కూలు యూనిఫారాలకి గుండీలు, ఆసుపత్రి కోట్లకి కాజాలు, స్కర్టులకి అంచుకుట్లు, ఇలా చప్పుడు చెయ్యని చేతిపనంతా ఆ గంటకే దాచి ఉంచుతారు. అప్పుడు మాస్టరమ్మ కోడలు స్టూలెక్కి కూర్చుని నవల చదువుతుంది. ఆ గంటలో ఆమె కుట్టవలసిన కాలర్లను మిగతావాళ్ళు తలా ఒకటి పంచుకుని కుట్టేస్తారు. ఈ ఏర్పాటు ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, పదకొండేళ్ళుగా ఆమె వచ్చిన ఏ రోజూ తప్పిందీ లేదు. కోడలి అసలు పేరు హాల్లో సగం మందికి గుర్తే ఉండదు. అందరూ ఆమెను 'గొంతు' అంటారు. గొంతు వచ్చిందా, గొంతుకి జ్వరమట, గొంతు పుట్టింటికి వెళ్ళింది అని చెప్పుకుంటుంటే పనిలో కొత్తగా చేరినవాళ్ళు తెల్లబోయి చూసేవాళ్ళు.

మాస్టరమ్మ అంటే కటింగు మాస్టరు, హాలుకి యజమానురాలు, గొంతుకి అత్తగారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూసి భుజం కొలత చెప్పిందంటే టేపు పెట్టి చూసినా అరంగుళం తేడా రాదు. అయినా టేపు పెట్టకుండా మాత్రం కత్తెర ముట్టదు. ఒకసారి ఆవిడ సొంత మేనల్లుడు పది చొక్కాల కొలతలు తీయకుండా ఉజ్జాయింపుగా చెప్పేశాడు. చొక్కాలు సరిగ్గానే వచ్చాయి. అయినా సరే, లేని కొలత ఉందని చెప్పినవాడికి తన బల్ల దగ్గర చోటు లేదని అదే రోజు మెట్లు దింపేసింది. వదిన వచ్చి ఏడ్చినా వినలేదు. ఈ ముక్క ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది.

ఆ హాల్లో కథ వినడమంటే చెవులప్పగించి కూర్చోవడం కాదు. మొదటి మూడు అధ్యాయాలు అవ్వగానే పాత్రలన్నిటికీ చీటీలు రాసి గుండీల డబ్బాలో వేస్తారు. ఎవరికి ఏ చీటీ వస్తే పుస్తకం అయ్యేదాకా ఆ పాత్ర వాళ్ళది. వాడు దొంగైనా దొరైనా, వాడు చేసిన ప్రతి పనికీ కారణం వాళ్ళే చెప్పాలి. మెచ్చుకోకూడదు, తిట్టకూడదు, ఎందుకలా చేశాడో చెప్పాలి, అంతే. కాలేజీల్లో పాత్ర విశ్లేషణ అంటూ ఏమేమో నేర్పుతారట. నేర్పనివ్వండి. ఈ హాల్లో గుండీ కుట్టే పిల్లని లేపి అడిగినా, వీధిరౌడీ లోపల దాక్కున్న భయాన్ని దారంలా లాగి చూపించగలదు.

ఈ కథ జరిగిన ఏడాది చదివిన నవల పేరు ఏదైనా వీళ్ళు దాన్ని కోటు నవల అనేవాళ్ళు. కథ చిన్నదే. ఒక ఇంట్లో చిన్నకొడుకు చనిపోయాడు. చిన్నకోడలికి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పెద్దకొడుకు ఒప్పుకోలేదు, వెళ్ళావంటే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు అన్నాడు. గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతున్న, తను ఎటు వెళ్ళినా వాడే మామగారి పాత కోటు ఒక్కటి వేసుకుని ఆమె వెళ్ళిపోయింది. రైల్లో చలికి కోటు దగ్గరికి లాక్కుంటే లైనింగులో ఏదో గట్టిగా తగిలింది. కుట్టు తెంపి చూస్తే ఇంటి తాళంచెవి. అక్కడితో నవల అయిపోయింది. తాళంచెవి అక్కడికి ఎలా వచ్చిందో రచయిత చెప్పలేదు.

పెద్దకొడుకు చీటీ కాజాల పిన్నికి వచ్చింది. ఆవిడ హాల్లో అందరికంటే పాత మనిషి, నోరు కూడా అందరికంటే పెద్దదే. నలభై రోజులు వాణ్ణి తిట్టుకుంటూనే, తండ్రి పోగానే పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు, పాపం కాళ్ళు నేలకి అందక అరుస్తున్నాడు అని గొప్పగా చెప్పింది. మాస్టరమ్మకి వచ్చింది ముసలితల్లి చీటీ. ఆ ముసలావిడ నవల మొత్తం మీద పదకొండు మాటలు మాట్లాడుతుంది, అందులో నాలుగు ఆవుకి. కోడలిని కొడుకు గెంటేస్తున్నప్పుడు కూడా గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. రోజూ వంతు రాగానే మాస్టరమ్మ లేచి, "ఇవాళ కూడా మా ఆవిడ ఏం చెయ్యలేదు" అని చెప్పి కూర్చునేది. మొదట్లో అందరూ నవ్వారు. పోనుపోను మాస్టరమ్మ ముఖం చూసి నవ్వడం మానేశారు. ఇరవైరెండు మిషన్లని నడిపే మనిషికి నోట్లో నాలుక లేని మనిషి దొరకడం ఎంత శిక్షో గొంతుకి తెలుసు.

గొంతు ఆఖరి అధ్యాయాన్ని ఒకరోజు ముందే ఇంట్లో చదువుకుంది. చదివి, వెనక్కి తిప్పి ఒక పేజీ చూసుకుని, మళ్ళీ చదివింది. మర్నాడు స్టూలు మీద ఆ అధ్యాయం చదువుతూ, చిన్నకోడలు కోటు వేసుకునే చోటు రాగానే, పుస్తకంలో లేని ముక్క అరపేజీ మేర చదివేసింది. ఆ ముక్కలో, కోడలు వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే ముసలావిడ కోటు ఒళ్ళో పెట్టుకుంది. దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగింది. సూదిని కిందిపెదవికి ఆనించి బెజ్జం ఎటుందో చూసుకుంది. తాళంచెవిని లైనింగులో పెట్టి కుట్టేసింది. గొంతు ఎక్కడా తడబడలేదు, పేజీ తిప్పినట్టు తిప్పింది కూడా.

హాల్లో సూదులన్నీ ఆగిపోయాయి. మాస్టరమ్మ మెల్లగా లేచింది. తన వంతు కాకపోయినా లేచింది. "మా ఆవిడ చేసింది" అంది. అంతే, కళ్ళు తుడుచుకుని కూర్చుంది. కాజాల పిన్ని చప్పట్లు కొట్టింది. గొంతుకి ఆ క్షణం కడుపు నిండిపోయింది. భయం తర్వాత వచ్చింది.

భయం రావడానికి కారణం లైబ్రరీ. ఏటా అక్కడ ఒక నవల మీద పోటీ పెడతారు. జట్టు జట్టుగా వచ్చి ఇతివృత్తమేమిటి, పాత్రలెలాంటివి, ఏ వస్తువు దేనికి ప్రతీక అని మాట్లాడాలి. కాలేజీవాళ్ళు వస్తారు, టీచర్లు వస్తారు, బ్యాంకువాళ్ళు కూడా వస్తారు. ఆ ఏడాది పెట్టింది కోటు నవలే. నోటీసు చూసి వచ్చిన కాజాల పిన్ని, మనకేం తక్కువ అంది. నిజమే, ఏం తక్కువ? మాస్టరమ్మ జట్టు పేరు ఇచ్చేసింది. అక్షరం రాని మనిషి ముసలితల్లి గురించి తానే మాట్లాడతానంది. ఏం మాట్లాడుతుందో వేరే చెప్పాలా, ఆ అరపేజీయే.

ఆ పది రోజులూ గొంతుకి కంటి మీద కునుకు లేదు. చెబితే, లేని కొలత ఉందన్నానని ఒప్పుకున్నట్టు. మేనల్లుడు దిగిన మెట్లే తనూ దిగాలి, కనీసం ఆ స్టూలైనా దిగాలి. ఇక ఎవరు చదివినా, ఇది పుస్తకంలో ఉందా నీ సొంతమా అని అత్తగారు అడుగుతుంది. చెప్పకపోతే, అత్తగారు నిండుసభలో లేని మాట చెప్పి నవ్వులపాలవుతుంది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి మాస్టరమ్మ కత్తెర నూరిస్తోంది, ఇంకోసారి పిన్ని పక్కనే ఉంది. కావాలనుకుంటే సాకులకేం కరువు.

లైబ్రరీ పైహాలు నిండిపోయింది. కుట్టుహాలు మొత్తం ఆ పూట సెలవు పెట్టుకుని వెనక వరసల్లో కూర్చుంది. అందరూ తమ చేతులతో కుట్టుకున్న బట్టలే, ఒక్క కాలరూ ముడత పడలేదు. ఆ వరసలు చూసి గొంతు మురిసింది, అదే నిమిషంలో తలొంచుకుంది. వేదిక మీద రిటైరైన లెక్చరరుగారు ఉన్నారు. ఆ నవలకి కాలేజీ పిల్లలు చదివే విశ్లేషణ రాసింది ఆయనే. మంచి మనిషి, ఎవరు మాట్లాడినా మధ్యలో అడ్డురారు, పుస్తకం ఒళ్ళో తెరుచుకుని వింటారు.

కాలేజీవాళ్ళు బాగా మాట్లాడారు, ఒప్పుకోవాలి. తాళంచెవి బందిఖానాకి ప్రతీక అన్నారు, ఎంత దూరం పారిపోయినా ఇల్లు ఆమెను వదలదని రచయిత చెబుతున్నాడన్నారు. లైనింగుకి ఉన్న నల్లదారం చావుకీ సంతాపానికీ గుర్తు అన్నారు. ముసలితల్లి నిష్క్రియత్వానికి రూపం అన్నారు. ఆ మాట కాజాల పిన్నికి అర్థం కాలేదు గానీ తిట్టని మాత్రం తెలిసింది. ఊరుకోమని మాస్టరమ్మ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత మాస్టరమ్మ లేచింది. చేతిలో కాగితం లేదు. ముసలావిడ పిరికిది కాదంది. మాట్లాడితే కొడుకు వినడు, కొడుకు వినని చోట మాట దండగ, అందుకే చేతిని నమ్ముకుందంది. మధ్యాహ్నం కోటు ఒళ్ళో పెట్టుకున్న దగ్గర్నుంచి మొదలుపెట్టి మైనం, సూది, కిందిపెదవి, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పింది. తాళంచెవి బందిఖానా కాదు, తలుపు అంది. ఎప్పుడొచ్చినా ఎవరినీ అడగక్కర్లేకుండా తలుపు తీసుకోమ్మా అని చెప్పడం అంది. కుట్టుహాలు వరసలు చప్పట్లు కొట్టాయి. లెక్చరరుగారు పేజీలు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు.

"చాలా బాగుందమ్మా. ఆ ఘట్టం ఏ పేజీలో ఉంది? నాకు దొరకడం లేదు" అని ఆయన మర్యాదగానే అడిగారు.

మాస్టరమ్మ జంకలేదు. "నాకు చదువు రాదండీ. పేజీ మా కోడలు చెబుతుంది" అని కూర్చుంది.

 హాలంతా గొంతు వైపే చూస్తోంది. వెనక వరసల్లో ఇరవైమంది, పదకొండేళ్ళుగా తన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటనీ నమ్మినవాళ్ళు, పేజీ నంబరు కోసం నిశ్చింతగా ఎదురుచూస్తున్నారు. అబద్ధమాడి తప్పించుకోవడానికి వీల్లేదు, పుస్తకం ఆయన ఒళ్ళోనే ఉంది. ఆమె లేచి నిలబడింది.

"పేజీ లేదండీ. ఆ ముక్క పుస్తకంలో లేదు, నేనే కలిపాను. మావాళ్ళకి ఈ సంగతి తెలీదు. తప్పు నాది" అంది.

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో నవ్వారు. కాజాల పిన్ని నోరు తెరుచుకుని ఉండిపోయింది. గొంతు అత్తగారి వైపు చూడలేదు, చూసే ధైర్యం లేదు. కానీ కూర్చోనూ లేదు. స్టూలు ఎలాగూ పోయింది, ఇక దాచుకోవడానికేం ఉంది?

"ముప్పై ఒకటో పేజీ తియ్యండి" అంది.

లెక్చరరుగారు తీసి పైకి చదివారు. ముసలితల్లి మనవడి తెల్లచొక్కాకి నల్లదారంతో గుండీ కుట్టింది, పెద్దకొడుకు చూసి నవ్వాడు. అక్కడ ఉన్నది ఆ రెండు మాటలే.

"ఇప్పుడు రెండువందల నలభై ఆరు."

కోటుకి ఉన్న తెల్ల లైనింగు అంచున నల్లదారం కుట్టు చేతికి తగిలింది, ఆమె పంటితో కొరికి లాగింది, తాళంచెవి ఒళ్ళో పడింది. అది కూడా ఆయన చదివారు. ఆ రెండో ముక్క చదివేటప్పుడు ఆయన స్వరం నెమ్మదించింది.

"తెల్లగుడ్డకి తెల్లదారమే వాడతారండీ, కుట్టు కనబడకూడదు కాబట్టి. మా హాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. తెల్లగుడ్డ మీద నల్లదారం ఎవరు పట్టుకుంటారు? తెల్లదారం కంటికి ఆననివాళ్ళు. ఆ ఇంట్లో అలాంటి మనిషి ఒక్కరే. కోడల్ని గెంటేస్తుంటే ఆవిడ మాట్లాడలేదని అందరూ అన్నారు. మాట్లాడిందండీ, లైనింగులో మాట్లాడింది. నేను కలిపిన ముక్క పుస్తకంలో లేదు. కుట్టు మాత్రం ఉంది."

 కాలేజీ జట్టులో ఒకమ్మాయి గబగబా ముప్పై ఒకటో పేజీ తీసుకుని చూసి, పక్కవాళ్ళకి చూపించింది. లెక్చరరుగారు కళ్ళద్దాలు తీసి పుస్తకం మీద పెట్టారు. ఇరవై ఏళ్ళుగా ఆ దారం సంతాపానికి గుర్తని పాఠం చెబుతున్నానని, దాన్ని కుట్టిందెవరని మాత్రం ఒక్కసారీ అడగలేదని ఒప్పుకున్నారు. అంత పెద్దమనిషి అంతమందిలో అలా అనడం చిన్న సంగతి కాదు. పుస్తకంలో లేనిది చెప్పినందుకు నిబంధన ప్రకారం బహుమతి మాత్రం కాలేజీవాళ్ళకే వెళ్ళింది. అది న్యాయమే. దిగి వస్తుంటే ఆయన మెట్ల దగ్గర ఎదురొచ్చి, రోజూ ఎన్నింటికి చదువుతారు, నేనొచ్చి వింటే అభ్యంతరమా అని అడిగారు. కాజాల పిన్ని తడుముకోకుండా, రండి గానీ ఖాళీ చేతుల్తో కూర్చోనివ్వం, గుండీలు కుట్టాలి అంది.

ఇంటికి నడిచిన దారంతా అత్తాకోడళ్ళిద్దరే. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్పినవాళ్ళకి దండం పెట్టాలి, ఆ దారిలో గొంతుకి కూడా ఆ క్షణం అలాగే అనిపించింది. మాస్టరమ్మ రెండడుగులు ముందు నడుస్తోంది. దీపస్తంభం దగ్గర ఆగి చెప్పు పట్టీ సరిచేసుకుంది. ఇక ఉండబట్టలేక గొంతే నోరు తెరిచింది.

"అత్తయ్యా, రేపట్నుంచి నేనూ మిషను ఎక్కుతాను. స్టూలు మీద ఇంకెవరినైనా కూర్చోబెట్టండి."

"ఎందుకూ?"

"లేని కొలత చెప్పాను కదా."

మాస్టరమ్మ తలెత్తి చూసింది. "సూదిని కిందిపెదవికి ఆనించి బెజ్జం వెతుక్కునేది ఎవరే? దారాన్ని మైనం మీద రెండుసార్లు, మూడు కాదు, రెండేసార్లు లాగేది ఎవరు? నువ్వు చదువుతుంటేనే తెలిసింది, అది పుస్తకంలో ముసలావిడ కాదు, నేనని."

 గొంతుకే తెలియకుండా ఆ ముక్కలోకి వచ్చి పడిన చెయ్యి అది. పదకొండేళ్ళుగా స్టూలు మీద నుంచి తను చూస్తున్నది అత్తగారి చేతుల్నే. "తెలిసీ అందరిలో ఎందుకు చెప్పారు?" అని మాత్రం అడగగలిగింది.

"పది రోజులు కొలిచి చూశాను. నువ్వు చదివిన మొదటి పేజీ దగ్గర్నుంచీ గుర్తు తెచ్చుకుని, ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా వదులవ్వలేదు. ఆ మేనల్లుడు టేపు పెట్టకుండా చెప్పాడు. నువ్వు ముప్పై ఒకటో పేజీకి టేపు పెట్టి కుట్టావు. అంత బాగా కుదిరిన బట్టని పెట్టెలో దాస్తామా? నలుగురిలో తొడుక్కుంటాం. ఎవరు కుట్టారని అడిగితే మా కోడలు అని చెప్పాలని నాకు ఉండదా?"

గొంతు రోడ్డు మీదే ఏడ్చేసింది. మాస్టరమ్మ చీర కొంగు అందించి, ఆపవే, రేపు గొంతు బొంగురుపోతే చదివేదెవరు అని కసిరింది. తర్వాత నాలుగడుగులు వేసి, ఇంకో మాట అంది.

"చెప్పకుండా కలిపావు, అది మాత్రం తప్పే. ఇక మీదట కలిపితే నల్లదారంతో కలుపు. మా కళ్ళకి కనబడాలి."

మర్నాడు రెండు కొట్టింది. మిషన్లు ఆగాయి. గొంతు వచ్చేసరికి స్టూలు మీద నల్లదారం రీలు ఒకటి ఉంది. అలాంటిదే ఇంకొకటి మాస్టరమ్మ చేతిలో ఉంది. ఆవిడ కూర్చోకుండా కటింగు బల్ల ముందు నిలబడి, అందరూ వినేలా, తెల్లగుడ్డ మీద తెల్లదారం రెండేళ్ళుగా తన కంటికి ఆనడం లేదని చెప్పింది. ఆ సంగతి బయటపడకుండా తెల్లబట్టల మీద టాకాలన్నీ, అంటే మిషను కుట్టు పడ్డాక పీకేసే కచ్చాకుట్లన్నీ, ఏదో ఒక వంకతో పిన్ని చేత వేయిస్తూ వచ్చానంది. ఇక దాచనంది. చెప్పి, ఆసుపత్రి కోటు ఒకటి ఒళ్ళోకి లాక్కుని, దారాన్ని మైనం మీద రెండుసార్లు లాగి, సూదిని కిందిపెదవికి ఆనించింది. తెల్లకోటు మీద నల్లటి టాకాలు బారుగా, తిన్నగా పడ్డాయి. ఒక్కటీ వంకర పోలేదు. ఎవరూ నవ్వలేదు.

గొంతు కొత్త నవల తెరిచింది. చదువుతూ చదువుతూ ఏడో పేజీ దగ్గర ఆగి, నల్లదారం రీలు పైకెత్తి చూపించింది. సూదులన్నీ ఆగిపోయాయి. కొత్తగా చేరిన పిల్ల ఏమిటది అని పక్కకి వంగి అడిగింది.

"మాట్లాడకుండా విను, ఇప్పుడొచ్చేది పుస్తకంలోది కాదు, మా కోడలిది" అంది మాస్టరమ్మ.